ఎండిపోయిన బాత్రూం

ఆదివారం రాత్రి

అశోక్‌నగర్‌లో కింది వాటా వాళ్ల పడకగదిలో బీరువా జరిపితే గోడంతా నల్లటి బూజు. చంటిపిల్ల ఆ గదిలోనే దగ్గుతూ పడుకుంటుంది. పై బాత్రూం నుంచే తడి దిగుతోందనుకున్నాను. కానీ గోడకు తేమ కొలిచే మీటరు పెడితే తక్కువే చూపించింది. పైకి వెళ్తే బాత్రూం నేల పొడిగా ఉంది, సబ్బు ఎండి పగిలింది.

పై వాటా ఆంటీ నవ్వుతూ కాఫీ ఇచ్చింది. "మీ యాదన్న చెప్పినట్టే చేసినం అమ్మా. వారం సంది బాత్రూంల చుక్క నీళ్లు పొయ్యలే."

నాకూ తెలుసనుకుంది పాపం.

ఇళ్లకు వెళ్లి గోడల్లో తడి తనిఖీ చేసే ఈ పని నాకు నేర్పిందే యాదన్న. "మనం వచ్చే రోజు పైనోళ్లకు తెల్వనియ్యొద్దు చెల్లె. తెలిస్తే నల్లా బంద్ చేస్తరు" అని మొదటి రోజే చెప్పాడు. ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు నేను. ఇప్పుడు ఆయనే...

ఒళ్లు మండి నల్లా పూర్తిగా తిప్పేశాను. ఆంటీ "ఏందమ్మా గిది?" అంటున్నా, నేలంతా నీళ్లు నిలిచేదాకా కదల్లేదు. రేపు మళ్లీ వెళ్లి కింద గోడ చూడాలి.

ఇందాక ప్రతి ఆదివారంలాగే యాదన్న ఫోన్ చేశాడు. "తిన్నవా చెల్లె? వచ్చే వారం ఏ ఇండ్లకు పోతున్నవ్?"

ఇన్నాళ్లూ అది నా మీద ప్రేమ అనుకుని ఇంటి నంబర్లతో సహా చెప్పాను. నల్లకుంటలో, రాంనగర్‌లో ఎన్ని గోడలకు "తడి లేదు" అని సంతకం పెట్టానో. ఆ గదుల్లో ఎవరెవరు పడుకుంటున్నారో...