కరే అన్నం అడగనివాళ్ళు

అమ్మకు,

ఫుమినో నమస్కారాలు. మోజిలో నాన్నా నేనూ కులాసాగానే ఉన్నాం. హకొదాతెలో నీ సాయంతో పెద్దమ్మ ఊతకర్ర లేకుండా నాలుగడుగులు వేస్తోందని తలుస్తాను. ఇక్కడ వానలు పట్టుకున్నాయి. జలసంధి అవతలి ఒడ్డు కనబడి చాలా రోజులైంది. తువ్వాళ్ళు ఆరడం లేదు. హోటలంతా తడిగొడుగుల వాసన.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ గోధుమరంగు రెయిన్‌కోటు బీరువాలోనే ఉంది, బూజు పట్టలేదు. పిల్లి తిరిగొచ్చింది. నేను వేళకే తింటున్నాను. బల్లల దగ్గర సిగ్గు తగ్గిందా అన్నావు. తగ్గలేదు. బడిలో సిస్టర్లు అవసరమైన మాటే మాట్లాడమని నేర్పారు. ఇక్కడ రోజంతా అవసరం లేని మాటలతోనే గడుస్తుంది.

నాతోపాటు వడ్డించే కినుయో పిన్ని నాకు పాఠాలు చెబుతోంది. "ఎవరేం చెప్పినా ముందు 'మీరంటే మీరే' అను. తర్వాత 'ఈ సంగతి నాకు తెలియనే తెలియదు' అను. ఆపైన 'అబ్బ, ఎంత బాగుందో', 'మీ అభిరుచే వేరు', 'ఓహో, అలాగా'. ఈ అయిదూ నోటికొస్తే ఎక్కడైనా బతికిపోతావే" అంటుంది. 'స, షి, సు, సె, సో' అంటూ ముందు చక్కెర, తర్వాత ఉప్పు, చివర మిసో సోయా ముద్ద అని నువ్వు వంటకు నేర్పిన అక్షరాల వరుసలోనే ఈ పొగడ్తలనూ ఎవరో పేర్చారట.

పక్కబల్ల దగ్గర, రోజూ వచ్చే నివా తాతయ్య పిడికిలిని అరచేతిలో గుండ్రంగా తిప్పి చూపించాడు. "అదుగో, కాకా పట్టడానికి నువ్వులు నూరడం నేర్పుతోంది పిల్లకి."

"మీరు నూరినన్ని నేనెక్కడ నూరాను? రేవు ఆఫీసరు గారి పాటకి చప్పట్లు కొట్టి కొట్టే కదా ఓడలు లాగే పెద్ద టగ్గుకి సరంగు అయ్యారు" అంది పిన్ని.

"ఆయన గొంతు నువ్వు విన్లేదు. ఆ చప్పట్లకి పెద్ద ఓడే ఇవ్వాలి."

నాన్న కూడా నవ్వాడు. నేను గ్లాసులు తుడుస్తూ నిలబడ్డాను.

హోటలు ఎలా నడుస్తోందని కూడా అడిగావు. జనం వస్తున్నారు. కానీ అమ్మా, మన చిక్కటి మసాలా పులుసు పోసిన కరే అన్నం ఎవరూ అడగడం లేదు.

నివా తాతయ్య నీకు తెలుసుగా, కరేని తెల్లటి అన్నం పక్కన పోస్తే తప్ప ముట్టేవాడు కాదు. వసంతం నుంచి కరే ఉదోన్ అడుగుతున్నాడు. ఆ లావు సేమ్యాల మధ్య పులుసులో కరే పలచబడిపోతుంది. బ్యాంకు అమ్మాయిలు కాల్చిన కరేకి మారారు. దాని మీద గుడ్డూ చీజూ కప్పేస్తాం. మిగతావాళ్ళు పంది కట్లెట్టు వేసిన కరే అడిగి, కట్లెట్టు తిని, కరేని పళ్ళెం అంచుకి తోసి లేస్తారు. కొందరు నూనెలో వేయించిన కరే రొట్టె ఒకటి పొట్లం కట్టించుకుని వెళ్ళిపోతారు. వెళ్తూ అందరూ వంటింటి వైపు తల వంచి అంటారు, "మాస్టర్, మీ చెయ్యంటే మీ చెయ్యే." లోపల్నుంచి నాన్న "ఎంత మాట" అంటాడు.

పళ్ళాలు కడిగేది నేనే. ఎవరేం వదిలేశారో నాకు తెలుసు.

కరే చేదెక్కింది. పిండీ మసాలాపొడీ వెన్నలో వేయించేటప్పుడు ఎక్కడ ఆపాలో నాన్న వాసనతోనే పట్టేవాడు కదా. చలికాలం చివర వచ్చిన జ్వరం ఆ వాసననీ, దానితోపాటు రుచినీ తీసుకుపోయింది. పాలు పొంగి మాడుతున్నా పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరిగిన రోజున నేను కనిపెట్టాను. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు. మాడిన పిండి ఒక్కరోజుదైతే ఆ రోజుతో పోయేది. కానీ నిన్నటి మిగులు కలపనిదే మన గిన్నెలో ఇవాళ్టి కరే పుట్టదు. నిన్నటి చేదు ఇవాళ్టిలోకి, ఇవాళ్టిది రేపటిలోకి వెళుతూ వచ్చింది.

ఇంతదాకా రాశాక ఇక దాచలేను. కిందటి వారం నాన్నకు చెప్పేశాను.

మధ్యాహ్నం తలుపు మూసిన వేళ. రోజూలాగే చిన్న సాసర్లో కాస్త పోసి తెచ్చాడు. రోజూలాగే తల ఊపి ఊరుకుందామనుకున్నాను. మెడ కదలలేదు. నిజంగా చాలా అలసిపోయి ఉన్నాను అమ్మా, అందుకే చెప్పాననుకుంటాను. ధైర్యం వచ్చి కాదు.

"చేదుగా ఉంది నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"వసంతం నుంచి."

"నివాకి తెలుసా?"

"తెలుసు."

తొట్టి దగ్గర కినుయో పిన్ని కుళాయి కట్టేసింది. నాన్న అటు తిరిగాడు. "నీకూ తెలుసా?"

"తెలుసు మాస్టర్" అంది పిన్ని. చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

నాన్నకు కోపం రాలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాకు వాసన తెలీట్లేదే. ఎవరైనా ముఖం చిట్లిస్తే ఆపేద్దామనుకున్నా. అందరూ బాగుందంటుంటే నాలుక పోయినా చెయ్యి మరిచిపోలేదనుకున్నా. మీ మాట మీదే వండుతున్నా ఇన్నాళ్ళూ."

మేం ఆయన్ను నొప్పించకూడదనుకున్నాం. ఆయనేమో మా మాటల మీద ఆనుకుని నిలబడ్డాడు.

పొయ్యి పక్కన గోడ మేకుకు గుచ్చిన నీ కార్డు ఉంది. వసంతంలో ఆయన మంచులో పెట్టి పంపిన కరే అందాక నువ్వు రాసినది. 'అక్క రెండు పళ్ళాలు తింది. రుచి ఏమాత్రం మారలేదు.' నాన్న దాని వైపు చూశాడు. "మీ అమ్మ కూడానా?" అన్నాడు.

గిన్నె ఆయనే ఖాళీ చేశాడు. మీ పెళ్ళయిన ఏడాది మొదలైన మిగులు అది. సాయం పడతానంటే వద్దన్నాడు. తోమి, బోర్లించి, మేడ మీదకి వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు కొత్తగా మొదలుపెట్టాం. పిండి వేగుతుంటే నేను పక్కన నిలబడి వాసన చూసి 'చాలు' అంటాను, ఆయన దించుతాడు. రోజూ సరిగ్గా చెప్పగలనా అని భయం. పొద్దున్నకే ఒళ్ళు బరువెక్కిపోతుంది.

ఆ రోజు నివా తాతయ్య వచ్చి కొత్త కరే ఉన్న గిన్నె వైపు చూసి, కరే అన్నం అడిగాడు. పిన్ని ముందే చెప్పి ఉంటుంది. రెండు చెంచాలు తిన్నాడు. నాన్న వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడ్డాడు.

"నీళ్ళలా ఉంది మాస్టర్. నా టగ్గు ఇందులో తేలదు."

"చేదుందా?"

"చేదు లేదు. ఏమీ లేదు."

నాన్న తల వంచి "సంతోషం" అన్నాడు. తాతయ్య పళ్ళెం మొత్తం ఖాళీ చేశాడు. ఇన్ని నెలల్లో నేను కడగక్కర్లేదనిపించిన పళ్ళెం అదొక్కటే.

ఈ ఉత్తరం వెనకాలే మంచులో పెట్టిన పొట్లం వస్తుంది. కొత్తగా మొదలుపెట్టిన కరే, ఇంకా పల్చనే. ఉదోన్‌లో వద్దు, చీజు కప్పొద్దు. తెల్ల అన్నంతోనే తిను, పెద్దమ్మకూ పెట్టు. ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయి. నాకు కాదు, నాన్నకు. నీ పాత కార్డు ఆయన గోడ మీంచి తీసేశాడు. ఆ మేకు మాత్రం పీకలేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే కూతురు
ఫుమినో