ట్రంకుపెట్టె అడుగున దరఖాస్తు

నాయనా,

ఈరోజు ఆదోని కాలేజీలో చేరాను. సరిహద్దులో కాలు పోగొట్టుకున్న నీకు చదువుకోమని ఇచ్చిన సాయాన్ని, నువ్వు కన్నుమూసిన ఏడాదికి నా పేరుకు మార్చారు. దానికోసం సైనిక సంక్షేమ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగావో! "నాకెందుకప్పా ఈ వయసులో సదువు? నా బిడ్డకియ్యండి," అనేవాడివి. మగ్గం తొక్కాలంటే రెండు కాళ్లూ కావాలి. అందుకే మన ఎమ్మిగనూరు ఇంట్లో గోడవార కూర్చుని మగ్గం నేసే అమ్మకు నూలు కండెలు చుట్టేవాడివి. నీకు చదువు మీద మనసు లేదనే అనుకున్నాను.

మొన్న కాలేజీలో చూపడానికి నీ మిలిటరీ సర్టిఫికెట్ల కోసం ట్రంకుపెట్టె తెరిస్తే, అడుగున నువ్వు నీ పేరుతో నింపి, పంపకుండా దాచిన కాలేజీ దరఖాస్తు దొరికింది. ఫొటో కూడా అంటించావు.

అమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"కొత్త సొక్కా దీనికోసమా కుట్టించుకునింది? ఎవరిదో పెండ్లికని సెప్పినాడే," అంది.