మొదట ఉరికేది ఎవరు

లాల్‌దర్వాజా,
సోమవారం.

నర్సింహన్నకు,

నీ చెల్లెలు సుజాత నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బావ, మన చిన్నది లావణ్య ముగ్గురం బాగున్నాం. ఈ బాగున్నాం అనే మాట అమ్మకు. నీకు కింద వేరేగా రాస్తాను. అమ్మ ఆయాసం ఎట్లా ఉంది? ముసురు పట్టినప్పుడల్లా పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చుంటున్నదని వదిన చెప్పింది. వదిన నడుము నొప్పి తగ్గిందా? పత్తి బాగా మొలిచిందా, మళ్ళీ గింజ పెట్టవలసి వచ్చిందా? అన్నీ రాయి.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్ మోగగానే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. ఇవి స్పీకర్లో చెప్పే మాటలు కావు. చదివి జేబులో పెట్టుకో. వదినకు చూపిస్తే ఫర్వాలేదు, ఆమె మాట దాచగలదు. అమ్మకు మాత్రం వద్దు.

బోనాలు అయిపోయాక మా గల్లీ కొంచెం నిమ్మళించింది. వాన పడితే గుడి దగ్గరి నుంచి నీళ్ళు వచ్చి మా గడప ముందు ఆగుతాయి. మూడు ఇటుకలు వేసుకొని వాటి మీద నడుస్తున్నాం. మీ బావ ఆటో బాగానే నడుస్తున్నది. నేను అదే టైలర్ షాపులో ఫాల్స్ కుట్టే పనిలో ఉన్నాను. షాపు పెట్టిన పర్వీన్ ఆపా మంచి మనిషి. లావణ్య హాకీ మ్యాచ్ ఉన్న రోజు నన్ను తొందరగా పంపిస్తుంది, కానీ ఎగతాళి చెయ్యకుండా పంపించదు. "ఏందమ్మా సుజాతా, టీము లిస్టు తయారైందా? అయితే జర గా జాకెట్టుకు గుండీలు గూడ పెట్టు" అంటుంది. మా గల్లీలో పిల్లలు, పెద్దలు అందరూ క్రికెట్టే. హాకీ గురించి మాట్లాడదామంటే మనిషి దొరకడు. మన ఊరి బడి గ్రౌండులో డ్రిల్లు సారు తుమ్మ కొమ్మలు వంచి మనకు కర్రలు చేసి ఇచ్చిన సంగతి చెబితే పర్వీన్ ఆపా నమ్మలేదు.

తిండికి లోటు లేదు. కానీ జొన్నరొట్టె తిని చాలా రోజులైంది. ఇక్కడ దొరికే పిండి చేతికి పట్టదు, విరిగిపోతుంది. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం జొన్నపిండి, చింతకాయ తొక్కు పంపించు.

ఇప్పుడు టీము సంగతి. లావణ్య టీము ఈ టోర్నమెంటులో ఫైనల్‌కు వచ్చింది. అది సంతోషమే. ఎట్లా వచ్చిందో చూసినదాన్ని కనుక నాకు సంతోషం తక్కువగా ఉంది. కీపర్ తబస్సుమ్ మంచి పిల్ల, ఎంత బలంగా కొట్టినా కదలదు, కానీ నోరు తెరవదు. వెనక నుంచి ఆట మొత్తం కనబడేది కీపర్‌కే, ఆమె చెప్పకపోతే ముందున్న వాళ్ళకు ఎవరు చెబుతారు? కుడివైపు ఆడే పిల్ల బాల్ దొరికితే గీత దాకా ఒక్కతే తీసుకుపోతుంది. మధ్యలో వదిలితే గోలయ్యే బాల్ మూలకు పోయి ఆగుతుంది. మేనేజర్ సార్ గొడుగు కింద కుర్చీ వేసుకొని ఫోన్ చూస్తుంటాడు. తల ఎత్తినప్పుడు ఎవరు కనబడితే వాళ్ళను మార్చేస్తాడు. బాగా ఆడుతున్న పిల్ల బయటికి వచ్చి కూర్చుంటుంది, అలసిపోయిన పిల్ల లోపలే ఉంటుంది. అందరికంటే నాకు కోపం వచ్చేది కెప్టెన్ రూత్ మీద. ఆమెది ఉప్పుగూడ, రైల్వే కుటుంబం. ఆట వచ్చు, కానీ ఎవరి మాటా వినదని నేను ఇంట్లో రోజూ అనేదాన్ని. మీ బావ ఒకరోజు అన్నం ముందు కూర్చొని, "నీకు జీతం ఇస్తలేరు గని టీము మొత్తం నువ్వే నడుపుతున్నవ్, జర గా పప్పు ఇటు నడుపు" అన్నాడు.

వదినకు ఆట తెలియదు కాబట్టి ఒక సంగతి విడమరిచి రాస్తాను. గోలు దగ్గర తప్పు జరిగితే అవతలి వాళ్ళకు పెనాల్టీ కార్నర్ ఇస్తారు. అప్పుడు మనవాళ్ళు కీపర్‌తో కలిపి అయిదుగురే గోలు గీత వెనక నిలబడాలి. అవతలి పిల్ల ఒకతె పక్క నుంచి బాల్‌ను బయటికి నెడుతుంది, ఇంకొకతె దాన్ని ఆపి బలంగా కొడుతుంది. ఆ బాల్ రాయి లాంటిది. కొట్టే పిల్ల మీదికి మనవాళ్ళలో ఒకతె నేరుగా ఉరికిపోవాలి. మొదట ఉరికేది అంటే ఆమే. ముఖానికి మాస్కు, మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకుంటారు, అయినా బాల్‌కు ఎదురు పోయేది ఆమే. ఊళ్ళో నువ్వు ఉరికేవాడివి. ఇక్కడ మన చిన్నది ఉరుకుతుంది. బాల్ నెట్టకముందే గీత దాటితే మాత్రం అంపైర్ ఆ పిల్లను సగం మైదానం అవతలికి పంపిస్తాడు, ఆమె బదులు ఇంకొకరిని పెట్టనివ్వడు.

నేను గోలు పక్కనే కూర్చుంటాను. బాల్ కదలగానే "ఉరుకు!" అని అరుస్తాను. ఊళ్ళో నీకూ అరిచేదాన్ని, నీకు గుర్తుండే ఉంటుంది.

క్వార్టర్ ఫైనల్లో చిన్నదానికి బాల్ ఎడమ మోకాలి పక్కన, ప్యాడ్ లేని చోట తగిలింది. కింద పడింది, లేచింది, ఆట పూర్తి చేసింది. ఇంటికి వచ్చాక చూస్తే మోకాలు వాచి తొడతో సమానమైంది. ఛత్రినాకలో డాక్టరుకు చూపించాం. లోపల నరం సాగింది, కొన్ని వారాలు పరుగు వద్దు, మళ్ళీ అక్కడే తగిలితే ఆపరేషన్ దాకా పోతుంది అన్నాడు. బయటికి రాగానే చిన్నది నా చెయ్యి పట్టుకొని, "అక్కా, ఎవ్వలకు చెప్పకు. గీ టోర్నమెంటు చూసే రైల్వే, పోలీసు డిపార్ట్‌మెంటోళ్ళు నౌకరీలకు తీసుకుంటరు. కూసున్నోళ్ళను ఎవరు తీసుకుంటరు?" అన్నది. అది నిజమే. అందుకే నేను ఎవరికీ చెప్పలేదు. ఉప్పు కాపడం పెట్టాను, మేజోడు లోపల గుడ్డ చుట్టి కట్టాను. మెట్లు పక్కకు తిరిగి దిగుతున్నది. టీములో ఒక్కరు కూడా చూడలేదు.

శనివారం సెమీఫైనల్. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. ఆట అయిపోవస్తుండగా అవతలి వాళ్ళకు కార్నర్ ఇచ్చారు. వాళ్ళ టీములో కొట్టే పిల్ల పొడుగ్గా ఉంది, అంతకుముందు ఆమె కొట్టిన బాల్ గోలు పలకకు తగిలి పలక ఇంకా అదురుతున్నట్టే ఉంది నాకు. చిన్నది మాస్కు పెట్టుకొని గీత మీద నిలబడింది. కుడికాలి మీదే బరువంతా వేసి నిలబడింది.

అన్నా, నాకు ఆ ఆలోచన అప్పటికప్పుడు వచ్చింది కాదు. పొద్దున పప్పు కడుగుతుంటే వచ్చింది. నేను ముందే అరిస్తే చిన్నది ముందే గీత దాటుతుంది. అంపైర్ ఆమెను అవతలికి పంపిస్తాడు. అక్కడ ఆమె మీదికి బాల్ రాదు. మ్యాచ్ పోతే పోనీ, మోకాలు ఉంటుంది. పొద్దటి నుంచి చిన్నదాని ముఖం చూడలేకపోయాను.

బాల్ నెట్టే పిల్ల వంగింది. బాల్ ఇంకా కదలలేదు. నేను "ఉరుకు!" అని అరిచాను.

చిన్నది కదలలేదు. కీపర్‌కు అవతల నిలబడిన రూత్ ఉరికింది.

అంపైర్ విజిల్ వేశాడు. రూత్‌ను సగం మైదానం అవతలికి పొమ్మని చెయ్యి చూపించాడు. ఆమె మాస్కు తీసి నడుచుకుంటూ పోయింది, పోతూ నేను కూర్చున్న వైపు ఒకసారి చూసింది. అయిదుగురు ఉండాల్సిన చోట నలుగురు మిగిలారు. కార్నర్ మళ్ళీ మొదటి నుంచి. చిన్నదానికి సాయంగా ఉండే మనిషి లేకుండా చేసింది నేనే. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

బాల్ నెట్టారు. చిన్నది ఉరికింది. పొడుగు పిల్ల కొట్టిన బాల్ చిన్నదాని కర్రకు తగిలి పైకి లేచి, మాస్కు పక్కనుంచి బయటికి పోయింది. చిన్నది ఆ మోకాలి మీదే పడింది. పొడుగు విజిల్ పడింది, మనం గెలిచాం, అందరూ ఎగురుతున్నారు. ఆమె లేస్తుందా లేదా అని నేను చూస్తున్నాను. కాసేపటికి తనంతట తనే లేచింది.

మేనేజర్ సార్ అప్పుడు ఫోన్ పక్కన పెట్టి రూత్‌ను అందరి ముందు తిట్టాడు. "కెప్టెన్ అయ్యుండి గింత తొందరనా? చిన్నపిల్లవా?" అన్నాడు. "తప్పైంది సార్" అన్నది రూత్. నా వైపు వేలు చూపించలేదు.

మేం ఆటో ఎక్కుతుంటే రూత్ వచ్చింది.

"అక్కా, ఎప్పుడు సరిగ్గనే అరుస్తవు గదా, ఇయ్యాల ఏమైంది?"

మీ బావ నవ్వులాటకు, "అది మా ఇంట్ల అలారం అమ్మా, అప్పుడప్పుడు ముందు మోగుతది" అన్నాడు. రూత్ నవ్వలేదు.

"నేను నిలవడ్డ కాడికి బాల్ నెట్టే పిల్ల కనబడది అక్కా, నడుమ తబస్సుమ్ ఉంటది. గీ టోర్నమెంటు మొత్తం నీ గొంతు ఇనే ఉరుకుతున్న. లావణ్య మాత్రం ఇయ్యాల ఉరకలే. ఎందుకు?"

ఎవరి మాటా వినదని నేను రోజూ తిట్టిన పిల్ల ఈమే, అన్నా.

చిన్నది నా వైపు చూడకుండా, "పొద్దటి సంది అక్క నా మొఖం చూస్తలేదు. గిట్లాంటిదేదో చేస్తదని నాకెర్కే. గందుకే నెట్టేదాని చెయ్యి చూసిన" అన్నది.

రూత్ వంగి చిన్నదాని మోకాలు ముట్టుకున్నది. చిన్నది ఆటో కడ్డీ గట్టిగా పట్టుకున్నది.

"ఎప్పటి సంది?"

"క్వార్టర్ ఫైనల్ సంది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు సార్‌కు చెప్తవు. సార్ తీసేస్తడు."

"గట్ల కనబడుతున్ననా నీకు?"



నిన్న ఆదివారం. చర్చి అయినాక రూత్ వాళ్ళ అమ్మను తీసుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె పేరు ఎస్తేరమ్మ. స్టీలు డబ్బాలో సేమ్యా తెచ్చింది. వంటింటి దగ్గర రూత్ నాతో మెల్లగా చెప్పింది. "సార్‌తోని మాట్లాడిన. ఫైనల్ల కార్నర్‌కు మొదట నేను ఉరుకుత. లావణ్య మధ్యల సగం సేపే ఆడుతది."

"మోకాలి సంగతి చెప్పినవా?"

"లే. తప్పు చేసింది నేను, నేనే ఉరుకుత సార్ అన్న. సార్ ఖుష్ అయిండు. నువ్వు ఫికర్ చెయ్యకు. గదే జాగల కూసో. సరిగ్గ అరువు."

ఎస్తేరమ్మ ఇప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా చూడలేదట. డ్యూటీ కుదరలేదట. ఫైనల్ వచ్చే ఆదివారం కాబట్టి ఈసారి నాతో వస్తానన్నది. నేను టీ ఇస్తుంటే, "మా రూత్ ఇగ మొదట ఉరుకుతదట కదా బిడ్డా. అంటే ఏంది, పెద్ద పేరేనా?" అని అడిగింది. రూత్ గ్లాసు మీదుగా నన్నే చూస్తున్నది.

"పెద్దదే పెద్దమ్మా" అన్నాను. ఆమె సంతోషపడ్డది.

అప్పటి నుంచి నాకు పని మీద మనసు లేదు. ఇయ్యాల ఒక జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను. మన పిల్లను ఆ చోటు నుంచి తప్పించాలని చూశాను, తప్పింది. ఇప్పుడు అక్కడ ఇంకొకరి పిల్ల నిలబడుతుంది. ఆ పిల్ల తల్లి నా పక్కన కూర్చుంటుంది. చిన్నది సగం సేపైనా ఆ మోకాలితోనే ఆడుతుంది, అది కూడా మంచి పని కాదని నాకు తెలుసు. నా మాట వినదు. నీ మాట వింటుంది. ఫైనల్ అయ్యాక నౌకరీ వచ్చినా రాకున్నా డాక్టరు చెప్పినన్ని రోజులు కర్ర ముట్టనని నువ్వే ఫోన్‌లో ఒప్పించు. అమ్మ పొలం దగ్గర ఉన్నప్పుడు చెయ్యి.

ఇంకొక్కటి అడుగుతున్నాను. బడి గ్రౌండుకు మన ఇంటి నుంచి ఎంతో దూరం లేదు. నువ్వు మొదట ఉరికిన రోజుల్లో అమ్మ ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. పనులుండి రాలేదని అనుకునేదాన్ని. ఇప్పుడు, చూడలేక రాలేదేమో అనిపిస్తున్నది. ఏదో మాటల్లో కలిపి అడుగు, నేను అడగమన్నానని చెప్పకు.

అమ్మకు, వదినకు, డ్రిల్లు సారు కనబడితే ఆయనకు నా దండాలు చెప్పు. మీ బావ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. ఆదివారం మీ అందరి దీవెన ఇక్కడి పిల్లలకు కావాలి. లావణ్య పేరు ఒక్కటే అనుకోకు, రూత్ పేరు కూడా కలిపి మొక్కు.

బాల్ కదిలిన తర్వాతే అరుస్తాను, అన్నా. అప్పటిదాకా ఎస్తేరమ్మ చెయ్యి పట్టుకొని కూర్చుంటాను.

నీ చెల్లెలు,
సుజాత