తారు ఆరని పడవ

1957 జ్యేష్ఠం, గురువారం రాత్రి

మా బాపు పోయాక మొదటిసారి పడవకు నా చేతులతోనే రంగు వేశాను. బోర్లించిన అడుగుకు తారు పూయడం పొద్దున్నే అయింది. పక్కలకు నీలం వేస్తుండగా బాపు తమ్ముడు రాజయ్య కాక రేవులోకి వచ్చాడు.

"ఆడిపోరికి పడవెందుకే? గిది నాది," అంటూ రంగు డబ్బాను తన్నాడు.

"బాపు నాకిచ్చిండు. జర దూరం జరుగు కాకా," అన్నాను.

జుట్టు పట్టుకుని నా ముఖాన్ని పచ్చి తారుకేసి అదిమాడు. చేతికి తెడ్డు దొరికింది. తల మీద కొట్టాను. మోకాళ్ల మీద కూలబడ్డవాణ్ణి మళ్లీ కొట్టాను. ఆ రెండో దెబ్బ అవసరం లేదు. అది నాకు అప్పుడే తెలుసు.

ఆస్పత్రి గోదావరి అవతల ఉంది. రేవులో ఉన్నది ఈ పడవ ఒక్కటే. బట్టలుతికే వాళ్లు నలుగురు వచ్చి దాన్ని తిరగేసి నీళ్లలోకి తోశారు. అరుపులు విని ఉరికొచ్చిన అవ్వ పడవలో తన మరిది తలను ఒళ్లో పెట్టుకుని కొంగుతో గాయం అదిమింది. నేను గడ వేసి పడవ నడిపాను. నెత్తురు కారుతుంటే కూడా కాక గొణిగాడు: "తారు ఆరలే. గిప్పుడే నీళ్లల్ల దించితే ఊడిపోతది."

"సప్పుడు చెయ్యకు," అని అవ్వ ఏడ్చింది.

కంపౌండరు కుట్లు వేసి, ప్రాణానికి ఏం కాదన్నాడు. ఎవరు కొట్టారని అడిగాడు. "నేనే," అన్నాను. కాక కళ్లు మూసుకున్నాడు.

రేపు పోలీసులు రావచ్చు. దానికి నాకంత భయం లేదు. కాకను ఆస్పత్రిలో ఉంచి తిరిగి వస్తుంటే అవ్వ అడిగింది: "మీ కాక మళ్ల వస్తే ఏం జేస్తవే?"

కొట్టనని చెప్పడానికి నోరు రాలేదు.