ఆళ్లగడ్డలో ఒక అక్షరం

పూణె,
శుక్రవారం

ఓబులేసన్నకు చెల్లెలు సుజాత నమస్కారాలు.

నిన్న సాయంత్రం నాలుగున్నరకు నీ నంది అమ్మకానికి ఉన్న అడ్డు తొలగింది. మా కాంట్రాక్టు, అందరికీ చూపిన రాతతో పూర్తిగా సరిపోలింది. నందిని కొనే బెంగళూరాయన అడిగింది అదే.

నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నేను బాగున్నాను. ఇక్కడ వారంగా ముసురు. గొడుగు కొన్నాను. జొన్నరొట్టె దొరుకుతుంది గానీ నంచుకోవడానికి ఊరుబిండి లేదు. వీలైతే బుడ్డల పొడి పంపు. నంద్యాలలో విలేకరిగా ఉన్నప్పటికంటే ఈ కంప్యూటరు కొలువులో వేళకు తింటున్నాను, దిగులు వద్దు.

మొన్న ఫోన్లో వదిన, "ఏందమ్మా, ఆడికి పోయి కాంట్రాక్టులు పట్టినావంట! మన వీధికి రోడ్డు ఎప్పుడేస్తావ్?" అనింది. ఇది రోడ్డు కాంట్రాక్టు కాదని చెప్పు. చిన్న ప్రోగ్రాము. బ్లాక్‌చెయిన్ అనే ఏర్పాటులో ఒకేసారి చాలా కంప్యూటర్లలో ఉంటుంది. ఒకసారి ఎక్కించాక, నువ్వు చెక్కిన రాయి మాదిరే, దిద్దడం కుదరదు. విగ్రహం పీఠం మీది గుర్తు ఇస్తే, చెక్కినవాళ్ల పేరు చెబుతుంది. ఆళ్లగడ్డ పేరు చెప్పి ఎక్కడెక్కడివో అమ్ముతున్నారు కాబట్టి, నీ పని నీదేనని చెప్పే సాక్ష్యం ఇది.

బెంగళూరాయన, "దాని లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. న్యాయమే. అందుకే కోడును అందరికీ కనిపించేలా పెట్టి, అదీ ఎక్కించిందీ ఒకటేనని చూపాలి. రెండుసార్లు పెట్టాను. పూర్తిగా కుదరలేదు. ఆ కోడు రాసిన మన నంద్యాల ఇమ్మానుయేలు వచ్చి చూశాడు.

"అక్కా, యాడన్నా చెయ్యి పెట్టినావా?"

"లేదప్పా. పైన ఊరి పేరు తప్పుంటే దిద్దినా, అంతే."

"అంతేనా! పేపరోళ్ల బుద్ధి యాడికి పోతాది?"

కోడు పైన, మనుషులు చదువుకోవడానికి రాసిన వాక్యంలో అతను 'ఆల్లగడ్డ' అన్నాడు. నేను 'ఆళ్లగడ్డ' చేశాను. దానివల్ల ప్రోగ్రాము పని మారదు. కానీ ఎక్కించినదాని చివర, రాసిన మొత్తానికీ కలిపి ఒక ముద్ర ఉంటుంది. ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. తప్పును తిరిగి పెట్టాను. సరిపోలింది. ఆ వాక్యంలో మన ఊరి పేరు ఇక ఎప్పటికీ తప్పే.

తర్వాత జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాషలో నాలుగు వరుసలు రాసి, కాంట్రాక్టు చిరునామా పెట్టి, నీ నంది గుర్తుతో పిలిచాను, అంటే ఎవరు చెక్కారని దాన్ని అడిగాను. "ఓబులేసు, ఆళ్లగడ్డ" అని వచ్చింది. ఇక్కడ 'ళ' సరిగ్గానే ఉంది. ఇమ్మానుయేలు చేత వేరే కంప్యూటరు నుంచి పిలిపించాను. అదే వచ్చింది.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. నీదీ వదినదీ దీవెన నా మీద ఉండనీ.

సోమవారం పదకొండుకు ఆయనే తన కంప్యూటరు నుంచి పిలిచి చూస్తాడు. నీ పేరు వస్తే బుధవారం లారీ మన కొట్టం దగ్గరికి వస్తుంది. నందికి గడ్డి చుట్టేటప్పుడు, పీఠం మీది గుర్తు మాత్రం కనపడేలా వదిలిపెట్టు.

నీ చెల్లెలు
సుజాత