ఎక్కడికని అడగొద్దు

చౌటుప్పల్,
4-2-2023

బావగారికి వెంకటనర్సు నమస్కారాలు.

ఫోన్ ఎత్తలేదని కోపం వద్దు. మగ్గం చప్పుడులో వినపడదు. వినపడినా ఫోన్లో నాకు మాట రాదు. అందుకే పాల వ్యాను విజేందర్ చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

నాలుగు నెలలు నేసిన ఎర్రచీరను అమీర్‌పేటలో చేనేత ప్రదర్శన వాళ్లకు చూపాలి. శుక్రవారం పగలు పన్నెండులోపు చేరాలి. నచ్చితే ఢిల్లీలో అమ్ముకోవడానికి చోటిస్తారు. లేకపోతే మగ్గం విప్పి, మందుల ఫ్యాక్టరీలో గేటు డ్యూటీకి పోవాల్సిందే. హైదరాబాదుకు నేను ఒక్కసారే వచ్చాను, అదీ కంటి ఆపరేషనుకు, కళ్లకు కట్టుతో. జాగ్రత్తలు రాయండి.

మీ బామ్మర్ది,
వెంకటనర్సు

తా.క. మెట్రో ఎక్కేముందు చెప్పులు విడవాలా?

* * *

బోరబండ,
5-2-2023

వెంకటనర్సుకు రాజేందర్ దీవెనలు.

ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కు. అమీర్‌పేటలో దిగు. కదిలే మెట్ల మీద ఊరికే నిలబడు, అవే తీసుకుపోతాయి. డబ్బులన్నీ ఒకే జేబులో పెట్టకు. చీర మూట ఎవరి చేతికీ ఇవ్వకు. నీళ్ల సీసా వెంట ఉంచుకో. రేపే బయలుదేరు, మా ఇంట్లో ఉందువు.

మీ బావ,
రాజేందర్

తా.క. చెప్పులతోనే ఎక్కు.

* * *

చౌటుప్పల్,
7-2-2023

బావగారికి నమస్కారాలు.

సోమవారం బయలుదేరాను. బస్సులో కూర్చోగానే కండక్టరు "యాడికి?" అన్నాడు. మంచి పని మీద పోయేవాణ్ణి మన దిక్కు ఎవరూ అట్లా అడగరు కదా. దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, కూర్చొని నీళ్లు తాగాను. మంగళవారం ఇంకో కండక్టరూ అదే అడిగాడు. బస్టాండులోనే కూర్చొని నీళ్లు తాగి మరో బస్సు ఎక్కితే, అతనూ అడిగాడు. మీరు రాసిన జాగ్రత్తల్లో ఇది లేదు.

మీ వెంకటనర్సు

తా.క. నీళ్ల సీసా సలహా చాలా మంచిది. ఇప్పటికి మూడు అయిపోయాయి.

* * *

బోరబండ,
8-2-2023

వెంకటనర్సుకు,

నీకు పట్నమంటే భయమనీ, ఇదంతా సాకనీ మీ అక్క అంటోంది. కండక్టరు అడగకుండా టికెట్ ఎట్లా ఇస్తాడు? ఈ కాలంలో కూడా ఇవేం నమ్మకాలు? సరే, ఒక అట్ట మీద ఒకవైపు ఎల్.బి.నగర్ అనీ, రెండోవైపు అమీర్‌పేట అనీ రాసి మెడలో వేసుకో. ఎవరూ అడగరు. శుక్రవారం పది గంటలకు అమీర్‌పేట మెట్రో మెట్ల కింద నేనుంటాను.

రాజేందర్

తా.క. అట్ట మీద మా ఫోన్ నంబరు కూడా రాయమంటోంది మీ అక్క. జాతరలో చిన్నపిల్లలకు అట్లాగే చేస్తారట.

* * *

చౌటుప్పల్,
11-2-2023

బావగారికి నమస్కారాలు.

అట్ట బాగా పనిచేసింది. కండక్టరు చదువుకొని టికెట్ కొట్టాడు. ఒకామె "పాపం, మాటలు రావేమో" అంటూ లేచి సీటిచ్చింది. కాదనాలంటే మాట్లాడాలి కదా, కూర్చున్నాను.

మెట్ల కింద పదకొండున్నర దాకా చూశాను. మీరు రాలేదు. ప్రదర్శన వాళ్ల కాగితం ఆటో అతనికి చూపించి ఒక్కణ్ణే పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ "యాడికి వోతున్నవ్ పెద్దాయనా?" అన్నాడు. పన్నెండుకు ఇంకా పది నిమిషాలు ఉంది. అట్లాగే లోపలికి పోతే పని కాదు. కూర్చుంటే టైము దాటిపోతుంది.

కూర్చున్నాను. నీళ్లు తాగి, మడతలు నలిగాయేమోనని చీరను ఎండలో ఒడి మీద విప్పాను. చీరలు ఎంచే మేడం చాయ్ కోసం బయటికొస్తూ ఆగింది. లోపల ట్యూబులైట్ల కింద పొద్దటి నుంచి ఎరుపులన్నీ ఒక్కతీరుగానే కనపడ్డాయట. కొంగు చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసి, "నీ పేరు చెప్పన్నా, రాసుకుంట" అంది. గేటు బయటే నా పని అయింది.

ఇంటికొచ్చాక అక్క ఫోన్ చేసి సంగతి చెప్పింది. మీరు గడప దాటుతుంటే పక్కింటి మారెమ్మ ఎక్కడికని అడిగిందట. మీరు వెనక్కొచ్చి, చెప్పులు విడిచి, నీళ్లు తాగి కూర్చున్నారట. మళ్లీ లేస్తే ఈసారి ఆమె భర్త అడిగాడట. నా పని చెడకూడదనే కూర్చున్నారు కాబట్టి నాకేం కోపం లేదు.

మీ బామ్మర్ది,
వెంకటనర్సు

తా.క. వచ్చే నెల ఢిల్లీ ప్రయాణం. అక్కడ హిందీలో అడుగుతారు, నాకు అర్థం కాదు కాబట్టి ఫికర్ లేదు. మీకు హిందీ వచ్చు. అందుకే మిమ్మల్ని వెంట తీసుకుపోవడం లేదు.