జగ్గమ్మ బకెట్టుకు వెలిగిన పచ్చలైటు

అనూరాధ మేడమ్‌గారికి నమస్కారం.

క్వారీ పేలుళ్లు మొదలయ్యాక మా నూతి నీళ్లు చేదెక్కాయని నేను రాస్తేనే కదా, మీరు ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి ఆ చిన్న పరీక్ష పెట్టె పట్టుకొచ్చారు. నేను శ్రీకాకుళం వెళ్లిన పూటే వచ్చారు. నీళ్లలో పేలుడు మందు జాడ ఉంటే ఎర్రలైటు వెలగాలట. పచ్చలైటు వెలిగింది. అప్పుడు తీసిన ఫొటోని క్వారీవాళ్లు ఫ్లెక్సీ వేయించి బస్టాపులో కట్టారు. అందులో బకెట్టు పట్టుకుని నవ్వుతున్నది మా అత్త జగ్గమ్మ.

మేడమ్, అవి మా నూతి నీళ్లు కావు. మీరొస్తున్నారని తెలిసి అత్త పొద్దున్నే గెడ్డ వాగు దాటి, తన పుట్టింటి నూతి నుంచి రెండు బిందెలు మోసుకొచ్చింది. మీరు నూతి నీళ్లడిగితే అవే బకెట్టులో పోసి పెట్టింది. నాకు నిన్ననే తెలిసి ఇంతెత్తున లేచాను.

"అవి పరీక్షకే అత్తా, తాగడానికి కాదు!"

"ఏటే నీ గోల? సదువుకున్న పిల్ల ఎండన పడి మనింటికొస్తే సేదు నీళ్లు ఇత్తామేటి?"

ఊరంతా ఆవిడ పక్షమే. పరువు కాపాడిందట.

దయచేసి మళ్లీ రండి. ఈసారి కబురు పెట్టకండి. తిన్నగా నూతి దగ్గరికెళ్లి మీ చేత్తోనే తోడుకోండి. అత్త అడ్డొస్తే మొహమాటపడకండి.

పుట్టింటి నీళ్లు ఇంకా ఒక బిందె మిగిలాయి. పిల్లలకు తాగడానికి పోద్దామంటే అత్త ముట్టుకోనివ్వడం లేదు. మళ్లీ ఎవరైనా పెద్దవాళ్లొస్తే కావాలట. మేం నూతి నీళ్లే తాగుతున్నాం.

ఇట్లు,
జగ్గమ్మ కోడలు